సంతకం నాది, టెన్షన్ కూడా నాదే

ప్రశ్న: మేడమ్, నేను ఇంగ్లండ్‌లో నర్సుని. ప్రిస్క్రైబర్ కోర్సు పూర్తయి రిజిస్టర్‌లో కూడా ఎక్కింది. ఇకనుంచి నా సంతకంతోనే మందులు రాయాలి. ఏ మందు ఇవ్వాలో తెలుసు గానీ, చీటీ మీద పెన్ను పెట్టాలంటే టెన్షన్. ఎక్కడ ఎక్కువ జాగ్రత్తపడాలి?

జవాబు: ఆ టెన్షన్ కాస్త ఉండటమే మంచిదమ్మా. 2006 నుంచి అక్కడ నర్సులు, ఫార్మసిస్టులు డాక్టరు సంతకం లేకుండా దాదాపు అన్ని మందులూ రాయగలుగుతున్నారు, ఫిజియోలకు, పారామెడిక్‌లకు ఆ తర్వాత ఇచ్చారు. హక్కుతోపాటు బాధ్యతా మీదే.

నాకు అన్నిటికన్నా భయం దశాంశ పాయింట్లతోనే. 0.5 మిల్లీగ్రాములు అనొద్దు, 500 మైక్రోగ్రాములు అని రాయండి, పాయింట్ తప్పకపోతే దాని ముందు సున్నా ఉండి తీరాలి. మైక్రోగ్రాములు అన్న మాట పూర్తిగా రాయాలి, ఎందుకంటే థైరాయిడ్‌కి ఇచ్చే లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములని మీరు పొట్టిగా గీకితే, హడావుడిలో ఉన్నవాళ్లు మిల్లీగ్రాములని చదివారంటే డోసు వెయ్యి రెట్లు. ఇన్సులిన్‌కీ అంతే, 10 పక్కన యూనిట్లు అని రాయకుండా ఇంగ్లీషు యు అక్షరం ఒక్కటే పెడితే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అయిపోతుంది.

'అవసరమైతే వేసుకోవాలి' అని వదిలేయకండి. దేనికి, ఎన్ని గంటల తేడాతో, రోజుకి ఎన్ని మించకూడదో రాయండి. మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే, కాబట్టి వారంలో ఏ రోజో కూడా పేరు పెట్టి రాయాలి, రోజూ మింగేస్తే ప్రాణం మీదికొస్తుంది.

పన్నెండేళ్లలోపు పిల్లలకి వయసు రాయడం చట్టం. మార్ఫిన్ లాంటి మందులకి మొత్తం ఎన్నో అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి, ఆ చీటీ 28 రోజులే చెల్లుతుంది. మామూలు చీటీకైతే ఆరు నెలలు.

ఇంకొకటి. 'డాక్టరు గారు ఖాళీగా లేరు, ఇది కాస్త నువ్వు రాసెయ్' అని ఎవరైనా తెస్తే, పేషెంట్‌ని మీరు చూడకపోతే, లేదా ఆ జబ్బు మీ పరిధిలోది కాకపోతే రాయనని చెప్పండి, మొహమాటపడొద్దు, రేపు అడిగేది సంతకం పెట్టినవాళ్లనే. అలర్జీలు ప్రతిసారీ అడగండి. డోసు మీద ఏమాత్రం అనుమానమున్నా పేషెంట్ ఎదురుగానే బీఎన్‌ఎఫ్ (అక్కడి మందులు, డోసుల పుస్తకం) తెరిచి చూసుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.