అమ్ములుకు పిన్ని ఉత్తరం: ముందు ఆగు, తర్వాత కాల్చు

అమ్ములూ,

కొత్త కంప్యూటర్ వచ్చి మూడు రోజులైనా కాలేదు, "పిన్నీ, ఎవరూ కనిపించకుండానే చచ్చిపోతున్నాను, ఈ గేమ్ నాకు రాదు" అని మెసేజ్ పెట్టావు. ఫోన్‌లో చెబితే సగం విని "సరే సరే" అంటావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఈ యుద్ధం ఆటలు ఇరవై ఏళ్లకు పైగా ఆడుతున్నదాన్ని. నా చెయ్యి నీ అంత చురుకైంది కాదు, ఏ రోజూ కాదు. అయినా నీ ఈడు పిల్లల మీద ఇప్పటికీ గెలుస్తుంటాను. వాళ్లు పరిగెడతారు, నేను ఆగుతాను. తేడా అంతే. నువ్వు అనుకుంటున్నట్టు వాళ్లు నీకు కనిపించకుండా చంపడం లేదు. నువ్వు దబదబా పరిగెత్తుకుంటూ వస్తుంటే నీ అడుగుల చప్పుడు వాళ్లకు గోడ అవతల నుంచే వినిపిస్తోంది. నువ్వు మలుపు తిరిగేసరికి తుపాకీ నీ తల ఎత్తులో సిద్ధంగా ఉంటోంది.

ఆడేముందు ఒక పావుగంట సెట్టింగ్స్‌లో కూర్చో. నీది 144 హెర్ట్జ్, అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ మారే మానిటర్ అన్నావు కదా, విండోస్ దాన్ని 60 దగ్గరే వదిలేసి ఉండొచ్చు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడు. నవ్వకు, నేను అలాగే నాలుగు నెలలు ఆడాను. పైగా అందరికీ "అబ్బో, 144 అంటే ఎంత తేడానో" అని చెప్పుకున్నాను కూడా. 60లో తెర మీద బొమ్మ మారడానికి సుమారు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది, 144లో 7 లోపే. మౌస్ యాక్సిలరేషన్ ఆపెయ్. అది ఉంటే చెయ్యి అంతే జరిపినా, ఎంత వేగంగా జరిపావన్నదాన్ని బట్టి గురి ఒక్కోసారి ఒక్కోచోటికి పోతుంది. చేతికి ఎప్పటికీ అలవాటు కుదరదు. మోషన్ బ్లర్, అంటే కదిలేటప్పుడు బొమ్మను మసకబార్చే సెట్టింగ్, అది కూడా తీసెయ్.

సెన్సిటివిటీ మాత్రం స్కేలు పెట్టి కొలువు. మౌస్‌ను ఎన్ని సెంటీమీటర్లు జరిపితే నీ సైనికుడు చుట్టూ ఒక పూర్తి తిరుగుడు తిరుగుతున్నాడో చూడు. కొత్తవాళ్లకు పది, పన్నెండు ఉంటుంది. అంటే చెయ్యి కాస్త వణికినా గురి పక్కింటికి పోతుంది. ముప్పై నుంచి నలభై మధ్యకు తెచ్చుకో. మొదటి రెండు రోజులు రోడ్డు రోలర్ నడుపుతున్నట్టు ఉంటుంది. అయినా వారం దాకా దాన్ని ముట్టుకోకు. చచ్చిన ప్రతిసారీ సెన్సిటివిటీ మార్చేవాళ్లను చూశాను, వాళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు. ఆడుతుంటే కళ్లు తిరిగినట్టు, వికారంగా అనిపిస్తే ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే తెర మీద ఒకేసారి కనిపించే వెడల్పు, కాస్త పెంచు, చాలామందికి తగ్గుతుంది.

నువ్వు చేసిన అసలు తప్పు తిన్నగా ఆన్‌లైన్‌లోకి దూకడం. ముందు ఒంటరిగా ఆడు. క్యాంపెయిన్లు, అంటే ఒంటరిగా ఆడే మిషన్ల వరసలు, కథ కోసం అనుకుంటారు గానీ, అవి ఓపిక నేర్పే బడి. 2007లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ 4లో చెర్నోబిల్ దగ్గరి ప్రిప్యాట్‌లో ఒక స్నైపర్ మిషన్ ఉంది. ఒకచోట నువ్వూ నీ కెప్టెనూ గడ్డిలో బోర్లా పడుకుని ఉంటారు. ఎదురుగా శత్రువుల దళం, వాళ్ల బండ్లు నీ వైపే వస్తుంటాయి. బూట్లు నీ చెవి పక్కనుంచే పోతుంటాయి. చేతిలో తుపాకీ ఉంటుంది, కాలిస్తే మాత్రం పోతావు. ఆ మిషన్ ఆడి చూడు. కాల్చకుండా ఉండటం అంత కష్టమైన పని అని నాకు అక్కడే తెలిసింది.

నిజానికి నా బడి అంతకు ముందుది. 2001లో చెక్ దేశపు బొహీమియా ఇంటరాక్టివ్ వాళ్లు ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్ అనే గేమ్ తెచ్చారు. అందులో ఒక మిషన్‌కు ఒకే ఒక్కసారి సేవ్ చేసుకోనిస్తారు. ఒకటో రెండో తూటాలు తగిలితే కథ ముగిసినట్టే. నేను ఒకసారి భయపడి మిషన్ మొదట్లోనే ఆ సేవ్ వాడేసుకున్నాను. తర్వాత ఇరవై నిమిషాలు పొదల్లో పాకుతూ వెళ్లి, ఇంకొక్క గుట్ట దాటితే అయిపోతుందనగా, విసుగొచ్చి లేచి పరిగెత్తాను. ఒక్క చప్పుడు. ఎటునుంచి వచ్చిందో కూడా తెలియలేదు. మళ్లీ ఇరవై నిమిషాల పాకుడు. రెండోసారి ఆ గుట్ట దగ్గర లేవలేదు.

క్యాంపెయిన్ మొదటిసారి మామూలు లెవెల్‌లో పూర్తి చెయ్. తర్వాత నచ్చిన రెండు మూడు మిషన్లు కష్టమైన లెవెల్‌లో మళ్లీ ఆడు. ఒక చిట్కా: పాత కాల్ ఆఫ్ డ్యూటీలలో కొన్నిచోట్ల ఎంతమందిని కాల్చినా కొత్తవాళ్లు పుట్టుకొస్తూనే ఉంటారు. నువ్వు ఒక గీత దాటి ముందుకు వెళ్తేనే వాళ్ల రాక ఆగుతుంది. వెనక గోడ చాటున కూర్చుని అందరినీ అవగొడదామని చూస్తే తెల్లారిపోతుంది. పొగ బాంబు వేసి కదులు. ఆగమన్నాను గానీ, పాతుకుపొమ్మనలేదు!

ఇక కాల్చడం. కౌంటర్ స్ట్రైక్ (ఐదుగురు ఐదుగురి మీద ఆన్‌లైన్‌లో ఆడే గేమ్) లాంటి వాటిలో కదులుతూ కాలిస్తే తూటా గురి పెట్టిన చోటికి పోదు. కుడికి నడుస్తున్నావనుకో, ఎడమ కీ ఒక్క క్షణం తట్టు, టక్కున నిలబడతావు, అప్పుడు కాల్చు. ఇది చెయ్యి దానంతట అదే చేసేదాకా రోజూ పది నిమిషాలు బాట్ల మీద, అంటే కంప్యూటరే ఆడించే శత్రువుల మీద, సాధన చెయ్. రెండోది, నడిచేటప్పుడు క్రాస్‌హెయిర్, అదే తెర మధ్యలోని గురి గుర్తు, నేలమీద ఈడ్చకు. ఎదుటివాడి తల ఎక్కడుంటుందో ఆ ఎత్తులోనే ఉంచు. అక్కడ ఉంచితే మనిషి కనబడ్డాక జరపాల్సింది రెండు వేళ్లంతే. ఏకే 47లో ముప్పై తూటాలుంటాయి. ఆపకుండా కాలిస్తే తుపాకీ మొదట పైకి లేస్తుంది, తర్వాత పక్కలకు ఊగుతుంది. ఖాళీ మ్యాప్‌లో ఒక గోడ ముందు నిలబడి మొత్తం కాల్చి, ఆ గుర్తులు ఏ ఆకారంలో పడ్డాయో చూడు. అదే ఆకారాన్ని తిరగేసి మౌస్‌తో లాగడమే రికాయిల్ పట్టుకోవడం అంటే. మొదటి పది తూటాలు పట్టుబడితే చాలు, మిగతా ఇరవై నాకూ సరిగ్గా రావు.

మలుపుల దగ్గర గోడకు అతుక్కుపోకు. రెండడుగులు వెనక్కి ఉండి, కాస్త కాస్తగా పక్కకు జరుగుతూ చూడు. గదిని ఒక్కసారిగా కాకుండా ముక్కలు ముక్కలుగా తెరిచినట్టన్నమాట. మూలకు దూరంగా ఉన్నవాళ్లకే అవతలివాడు ముందు కనిపిస్తాడు, ఇది లెక్క. అలాగే ఒకర్ని చంపగానే రీలోడ్ కొట్టే జబ్బు ఉంటుంది అందరికీ. ముప్పైలో ఇరవై రెండు మిగిలి ఉంటాయి, అయినా వేలు ఊరుకోదు. ఆ రెండు సెకన్లలోనే వాడి స్నేహితుడు వస్తాడు. ఎప్పుడూ ఆ సమయానికే వస్తాడు, అదేం ఖర్మో!

ఆన్‌లైన్‌లోకి వెళ్లేటప్పుడు వైఫై మానేసి కేబుల్ పెట్టుకో. పింగ్, అంటే నీ కంప్యూటర్‌కు సర్వర్‌కు మధ్య కబురు వెళ్లి రావడానికి పట్టే సమయం, కాస్త ఎక్కువున్నా ఫరవాలేదు గానీ, నిలకడగా ఉండాలి. ఇంకో సంగతి కూడా తెలుసుకో. మూల వెనక నుంచి బయటికొచ్చేవాడికి నువ్వు ముందు కనిపిస్తావు. వాడు వచ్చాడన్న సంగతి సర్వర్ గుండా నీ కంప్యూటర్‌కు చేరడానికి కొంచెం ఆలస్యం అవుతుంది కాబట్టి. అందుకని ఒకేచోట బొమ్మలా కాపలా కాయకు. ఒకసారి కాల్చాక చోటు మార్చు.

మామూలు హెడ్‌సెట్ చాలు, పాటలు మాత్రం వద్దు. పరుగు వినిపిస్తుంది, మెల్లని నడక వినిపించదు, చెక్క మీది అడుగు వేరు, ఇనుప మెట్ల మీది అడుగు వేరు. ఆ బొహీమియా వాళ్లదే ఇంకో గేమ్ ఆర్మా 3 ఆడితే ఇంకో వింత ఉంటుంది. దూరం నుంచి కాల్చినప్పుడు తూటా చెవి పక్కన చిట్లినట్టు పోతుంది, ఆ తర్వాత తుపాకీ మోత వినిపిస్తుంది. రైఫిల్ తూటా శబ్దం కంటే వేగంగా వస్తుంది మరి. రెండు చప్పుళ్ల మధ్య ఎడం ఎక్కువైతే కాల్చినవాడు అంత దూరంలో ఉన్నట్టు.

వినడం గురించి ఇంత చెబుతున్నాను గానీ, నా పరువు పోయిన రౌండ్ కూడా చెప్పాలి. కౌంటర్ స్ట్రైక్, చివరి రౌండ్. మా వాళ్లంతా పోయారు, నేనొక్కదాన్నే, అవతల ఒక్కడే. అవతలివాళ్లు బాంబు పెట్టేశారు. అది 40 సెకన్లలో పేలుతుంది. ఊరికే ఆపాలంటే 10 సెకన్లు, బాంబు ఆపే కిట్ ఉంటే 5. వాడు పెట్టెల వెనక ఎక్కడో దాక్కున్నాడు, ఎక్కడో తెలియదు. నేను బాంబు దగ్గరికి వెళ్లి ఒక్కసారి ఆపడం మొదలుపెట్టి వదిలేశాను. ఆ చప్పుడు వాడికి వినబడుతుంది కదా, పరిగెత్తుకుంటూ బయటికొచ్చాడు. ఒక్క తూటాతో పడగొట్టాను. హెడ్‌సెట్‌లో నలుగురూ అరుపులు. నేను గొప్పగా, తాపీగా కూర్చుని బాంబు ఆపడం మొదలుపెట్టాను. పది సెకన్ల పనికి నా దగ్గర తొమ్మిది సెకన్లే ఉన్నాయి. నాలుగడుగుల దూరంలో, చనిపోయిన మా వాడి కిట్ నేలమీద పడి ఉంది. దాని మీదుగా నడిచినా నాదైపోయేది. పేలిన తర్వాత ఎవరూ తిట్టలేదు. ఒకతను మాత్రం "కిట్" అన్నాడు, అంతే.

మైక్ సంగతి నీకు ఎవరో ఒకరు చెప్పాలి, నేనే చెబుతాను. ఆడగొంతు వినగానే కొందరికి నోరు లేస్తుంది. వంటగదికి పొమ్మనేవాడొకడు, నంబరడిగేవాడొకడు, ఓడిపోతే తప్పంతా నీదేననేవాడొకడు. మొదట్లో నేను మాటకు మాట అప్పజెప్పేదాన్ని. ఆ గొడవలో అడుగుల చప్పుడు వినిపించక చచ్చేదాన్ని. తర్వాత రెండేళ్లు మైకే కట్టేశాను. అదీ తప్పే, సమాచారం చెప్పకపోతే టీమ్ ఓడుతుంది. ఇప్పుడు చేసేది ఇది: కూతలు మొదలవగానే మ్యూట్, రిపోర్ట్, ఆట. ఒక్క ముక్క బదులివ్వను. మిగతా ముగ్గురికి చెప్పాల్సింది చెబుతాను. "కిటికీ పక్కన ఒకడు, దెబ్బ తగిలింది." అంతకంటే పొడుగు అక్కర్లేదు. చనిపోయాక అయితే మరీ. బతికున్నవాడు వినాల్సింది అడుగుల చప్పుడు, నీ బాధ కాదు. పేరు, వయసు, కాలేజీ ఎవరికీ చెప్పకు, ఎంత మంచివాడిలా మాట్లాడినా సరే.

నేనూ పత్తిత్తును కాదులే. ఒకసారి కొత్తగా వచ్చిన ఒకతన్ని తప్పు చోట పొగ వేశాడని తెగ అరిచాను. అతను మాట్లాడకుండా ఆటలోంచి వెళ్లిపోయాడు. నలుగురం ఐదుగురి మీద ఆడి ఓడిపోయాం. నా అరుపు ఖరీదు ఒక మనిషి.

వరసగా రెండు ఓడితే లేచిపో. మూడోది పంతానికి ఆడతావు, పంతానికి ఆడేవాళ్లు పరిగెడతారు. "వాడు చీటర్" అనే ముందు రీప్లే చూడు. పదింట ఎనిమిదిసార్లు నీ తుపాకీ నేలకేసి ఉంటుంది. "మా టీమ్‌కు ఓటెయ్యవా" అంటూ కొత్త స్నేహితుడు లింక్ పంపితే నొక్కకు. అక్కడ లాగిన్ అయితే నీ అకౌంట్ వాడిది. తుపాకీ రంగులకు, స్కిన్లకు డబ్బు పెట్టకు, తూటా రంగు చూసి తగలదు.

ఇంకొకటి. ఈ ఆటల దృశ్యాలు ఎంత నిజంలా ఉంటాయంటే, ఆర్మా 3 వీడియోలను ఉక్రెయిన్ యుద్ధం అని జనం ఫార్వర్డ్ చేసుకున్నారు. 2022 నవంబరులో ఆ గేమ్ తయారు చేసిన బొహీమియా వాళ్లే అవి నకిలీవని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. మసక బొమ్మ, ఊగే కెమెరా, చీకటి, శబ్దం లేకపోవడం, కదిలే మనుషులే కనిపించకపోవడం, ఇవి గుర్తులు. అలాంటివి మీ ఫ్యామిలీ గ్రూపులోకి వస్తే చెప్పాల్సింది నువ్వే, ఆడేవాళ్లకే తెలుస్తుంది. అదే ఆర్మా 3కి 2017లో యుద్ధ చట్టాల మీద ఒక అదనపు భాగం వచ్చింది. అందులో నువ్వు యుద్ధం ముగిసిన ఊళ్లో పేలని బాంబులు తొలగించే మనిషివి. ఆ ఏడాది దాని మీద వచ్చిన నికర ఆదాయంలో సగం రెడ్ క్రాస్ అంతర్జాతీయ కమిటీకి ఇచ్చారు. కాల్చడం కాల్చడం అని విసుగొచ్చినప్పుడు ఆడు. నాకు ఆ నేల మీద అడుగు తీసి అడుగు వేయడానికి వచ్చిన టెన్షన్ ఏ మ్యాచ్‌లోనూ రాలేదు.

శనివారం రాత్రి తొమ్మిదికి లాగిన్ అవు, ఇద్దరం కలిసి ఆడదాం. ఈలోగా గోడ మీద కాల్చే సాధన, బాట్ల మీద పది నిమిషాలు, ప్రిప్యాట్ మిషన్ అయిపోవాలి. రౌండ్ మొదట్లో డబ్బులుంటే కిట్ కొనుక్కో. నాలుగు వందల డాలర్లే, అదీ గేమ్ డబ్బు. నేనైతే మర్చిపోవచ్చు, గుర్తు చెయ్.

నీ పిన్ని