క్షయం, విచ్ఛిత్తి, సంలీనం: తేడా ఎక్కడ?

ప్రశ్న: రేడియోధార్మిక క్షయంలోనూ కేంద్రకం మారుతుంది కదా, దాన్ని విచ్ఛిత్తి (బరువైన కేంద్రకం రెండు పెద్ద ముక్కలుగా చీలడం) అని ఎందుకు అనరు?

క్షయానికి బయటి నుంచి ఏదీ తగలక్కర్లేదు. కరీంనగర్ గ్రానైట్ పలకనే చూడండి. అందులోని గోధుమరంగు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజంలో పొటాషియం ఉంటుంది, ఆ పొటాషియంలో సుమారు 0.012 శాతం పొటాషియం-40. అది తనంతట తానే బీటా కణాన్ని (ఎలక్ట్రాన్‌ను) వదిలి కాల్షియం-40 అవుతుంటుంది (పదింట ఒక వంతు మాత్రం ఆర్గాన్-40). రాయిని కాల్చినా, పొడి చేసినా అర్ధాయువు (సగం క్షయం కావడానికి పట్టే కాలం) 125 కోట్ల ఏళ్లే. రెండు అర్ధాయువులు గడిస్తే అంతా అయిపోయిందని రాయకండి, పావు వంతు మిగులుతుంది.

రియాక్టర్‌లో విచ్ఛిత్తి జరగాలంటే న్యూట్రాన్ తగలాలి:

యురేనియం-235 + న్యూట్రాన్ → బేరియం-141 + క్రిప్టాన్-92 + 3 న్యూట్రాన్లు

మార్కులు పోయేది ఇక్కడే. ఎడమవైపు న్యూట్రాన్‌ను మరిచిపోతే కుడివైపు రెండే వస్తాయి. 141 + 92 + 3 = 236 అని కూడి చూసుకోండి. నెమ్మదించిన న్యూట్రాన్ అయితేనే యురేనియం-235 దాన్ని బాగా పట్టుకుంటుంది. మణుగూరులో తయారయ్యే భారజలం (బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) రియాక్టర్‌లో చేసే ముఖ్యమైన పని ఆ నెమ్మదింపే.

సంలీనం అంటే తేలికైన కేంద్రకాలు కలిసిపోవడం. ఇందులో హైడ్రోజన్ బరువైన రూపాలైన డ్యుటీరియం, ట్రిటియం కలిసి హీలియం-4, ఒక న్యూట్రాన్ ఇస్తాయి. శక్తి 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. విచ్ఛిత్తిలో సుమారు 200. అయినా న్యూక్లియాన్‌కు (కేంద్రకంలోని ఒక్కో ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కు) లెక్కేస్తే సంలీనానిదే పైచేయి: సంలీనంలో 3.5, విచ్ఛిత్తిలో 0.85.