ఆటస్థలం: మొక్కు ఎవరిది, గడియారం ఎవరిది?

కాలేజీ ఆటల మీద ఇష్టంతో గత సంచికలో రాసిన నాలుగు మాటలకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో పరుగుల గురించి అడిగినవారు తక్కువ, దేవుడి గురించీ దేశ వ్యవహారాల గురించీ అడిగినవారు ఎక్కువ. నేను శిక్షకుడిని కాను, మతగ్రంథాలు చదివిన పండితుడిని అంతకన్నా కాను. ఏడాదికి రెండు మూడు అంతర్ కళాశాలల పోటీలకు వెళ్ళి, గొడుగు వేసుకుని సున్నపు గీతల పక్కన నిలబడి చూసే విశాఖ అభిమానిని మాత్రమే. ఈ జవాబులకు అంతకు మించిన అధికారం లేదని ముందే మనవి చేస్తున్నాను.

ప్రశ్న: నేను హర్డిల్స్ (అడ్డుకర్రలు దూకుతూ పరిగెత్తే పందెం) పోటీలలో పాల్గొంటాను. గీత దగ్గరకు వెళ్ళగానే నేలను తాకి కళ్ళకద్దుకోవడం నాకు అలవాటు. గెలుపు దేవుడే ఇచ్చేటట్టయితే తెల్లవారకుండా లేచి సాధన చేయడం ఎందుకని మా గదిలో ఉండే మిత్రుడు ఎగతాళి చేస్తున్నాడు. అతనికి ఏమని చెప్పాలి?
— డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం

మీ మిత్రుడి ప్రశ్న ఎగతాళిగా అడిగినదే అయినా తెలివితక్కువది కాదు. ఎనిమిది లేన్లలో నిలబడిన ఎనిమిది మందిలో చాలామంది ఏదో ఒక దైవాన్ని తలచుకునే ఉంటారు, పతకాలు మాత్రం మూడే. మొక్కును బట్టే ఫలితం వస్తుందంటే మిగిలిన ఐదుగురి భక్తిలో ఏదో లోపం ఉందని చెప్పవలసి వస్తుంది. అది ఓడినవారికీ అన్యాయమే, దేవుడికీ అన్యాయమే. 2025 అక్టోబరు 12న మధురవాడ స్టేడియంలో మహిళల ప్రపంచ కప్ మ్యాచ్ చూసినవారికి ఈ సంగతి బాగా తెలుసు. మనవాళ్ళు 330 పరుగులు చేసిన తరువాత గ్యాలరీలో దేవుణ్ణి తలవని మనిషి ఉండి ఉండడు, అయినా ఆస్ట్రేలియా 331 కొట్టి మూడు వికెట్ల తేడాతో గెలిచి వెళ్ళింది.

అలాగని మీ అలవాటు వృథా అని నేను అనను. పోటీకి ముందు గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, పక్క లేన్‌లో ఉన్నవాడు మనకన్నా బలంగా కనిపిస్తాడు. ఆ అర నిమిషంలో మనసును ఒకచోట నిలిపే పని ఏదైనా మంచిదే, మీకు అది నేలను తాకడం వల్ల కుదురుతోంది. తుపాకీ పేలిన తరువాత మాత్రం తలచుకోవడానికి తీరిక ఉండదు. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌నే చూడండి. మొదటి హర్డిల్ 13 మీటర్ల దూరంలో ఉంటుంది, ఆ తరువాత ఒక్కో హర్డిల్‌కూ మధ్య 8.5 మీటర్లు, ఆ దూరంలో పడవలసినవి మూడే అడుగులు. అవి సరిగా పడటం వేల సార్లు చేసిన సాధన వల్లనే సాధ్యం.

మన ఊళ్ళో కొత్త బండి కొన్నవారు సంపత్ వినాయకుడి గుడికి తీసుకువెళ్ళి పూజ చేయిస్తారు. కొత్త స్పైక్స్ (పరుగుకు వాడే మేకుల బూట్లు) జతను అదే గుడికి తీసుకువెళ్ళిన కుర్రవాణ్ణి కూడా నేను చూశాను. పూజ అయిన బండికైనా పెట్రోలు పోయవలసిందే కదా. మరొక్క మాట. మొక్కు ఏదైనా స్టార్టర్ 'సెట్' అనకముందే ముగించండి. 2010 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం ఒక్క తప్పు ఆరంభానికే పోటీ నుంచి తప్పిస్తారు, భక్తికి అందులో మినహాయింపు లేదు.

ప్రశ్న: మా అబ్బాయి 5,000 మీటర్లు పరిగెత్తుతాడు. ఒక ఏడాది ఎంపిక పోటీలు రంజాన్ నెలలో పడ్డాయి. రోజా (ఉపవాసం) వదలనని వాడు, ఆరోగ్యం చెడుతుందని నేను, ఇంట్లో పెద్ద వాదన జరిగింది. మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే ఏం చేయాలి?
— ఒక తండ్రి, అక్కయ్యపాలెం

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కనుకనే వాదన తెగలేదు. అమెరికాలోని ఎన్‌బీఏ లీగ్ బాస్కెట్‌బాల్ ఆటగాడు హకీమ్ ఒలాజువాన్ పగలంతా ఉపవాసం ఉండి ఆడేవాడు. 1995లో రంజాన్ వచ్చిన ఫిబ్రవరి నెలకే అతన్ని ఆ నెల ఉత్తమ ఆటగాడిగా ఎంపిక చేశారు. ఇటు 2025 మార్చి 4న దుబాయ్‌లో చాంపియన్స్ ట్రోఫీ సెమీఫైనల్ ఆడుతూ మహమ్మద్ షమీ పానీయం తాగితే ఒక మతపెద్ద తప్పుపట్టాడు. ప్రయాణంలో ఉన్నవారికీ అనారోగ్యంతో ఉన్నవారికీ ఖురాన్‌లోనే మినహాయింపు ఉందనీ, విడిచిన ఉపవాసాలను తరువాత పూర్తి చేసుకోవచ్చుననీ చెప్పి మరికొందరు పెద్దలు అతన్ని సమర్థించారు. ఒకరు ఉపవాసం ఉండి ఆడారు, మరొకరు తాగి ఆడారు. ఇద్దరిలో ఎవరికి విశ్వాసం ఎక్కువో కొలిచే పని ప్రేక్షకులది కాదు. మీ ఇంట్లో కూడా ఆ నిర్ణయం మీ అబ్బాయికీ, మీరు గౌరవించే పెద్దలకూ వదలండి. అయితే మన సముద్రపు ఉక్కలో నీళ్ళు లేకుండా పన్నెండున్నర చుట్లు పరిగెత్తడం గుండు విసరడం లాంటిది కాదు గనుక వైద్యుడి సలహా లేకుండా దింపవద్దు.

ఈ సందర్భంలో ఆదివారాన్ని దేవుడి రోజుగా పాటించిన క్రైస్తవుడు, బ్రిటన్ పరుగుగాడు ఎరిక్ లిడెల్ సంగతి చెప్పాలి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ (తొలి వడపోత పరుగులు) ఆదివారం వచ్చాయని అతను ఆ పోటీ మానుకున్నాడు. చివరి నిమిషంలో హఠాత్తుగా తప్పుకున్నట్టు చాలామంది చెప్పుకుంటారు కానీ, పోటీల పట్టిక నెలల ముందే తెలిసింది. ఆ నెలలన్నీ అతను 400 మీటర్లకు సాధన చేసి 47.6 సెకన్లతో బంగారు పతకం గెలిచాడు. నాకు అతని భక్తి కన్నా ఆ ముందుచూపే ఎక్కువ నచ్చుతుంది. కాబట్టి పోటీల తేదీలు రాగానే మీ అబ్బాయి చేత కాలేజీ పీడీ (వ్యాయామ అధ్యాపకులు) గారికి ఉత్తరం రాయించండి, సుదూర పరుగులను తెల్లవారుజామున పెట్టమని అడగండి. ఎండ తగ్గితే ఉపవాసం లేనివారికి కూడా మేలే. రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండల మీద గుడి, దర్గా, చర్చి ఉన్న ఊరు మనది. పోటీల తేదీలు నిర్ణయించేటప్పుడు మూడు పండుగల పట్టికలు ముందు పెట్టుకోవడం నిర్వాహకులకు కష్టమైన పని కాదు.

ప్రశ్న: గెలిచిన తరువాత మైకు ముందు దేవుడి పేరు చెప్పడం మత ప్రచారం కాదా?
— గృహిణి, భీమిలి

మీరు మన మహిళా క్రికెటర్ జెమీమా రోడ్రిగ్స్‌ను దృష్టిలో పెట్టుకుని అడిగారని ఉత్తరంలోని మిగతా మాటలను బట్టి అర్థమైంది. 2025 అక్టోబరు 30న నవీ ముంబైలో ఆస్ట్రేలియా మీద 339 పరుగుల లక్ష్యాన్ని ఛేదించిన ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో ఆమె 127 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. కన్నీళ్ళతో క్రీస్తుకు కృతజ్ఞత చెప్పింది, తన మానసిక ఆందోళనను కూడా దాచుకోకుండా చెప్పింది. తనను నిలబెట్టిన దాని గురించి ఒక మనిషి చెప్పుకుంటే అది ప్రచారం కాదని నా అభిప్రాయం. ఒకరు నేలకు మొక్కితే సంస్కారం, ఇంకొకరు సిలువ గుర్తు వేసుకుంటే ప్రచారం, వేరొకరు సజ్దా (నుదురు నేలకు ఆనించి మొక్కడం) చేస్తే రెచ్చగొట్టడం అనే మూడు కొలతలు మనం పెట్టుకున్నంత కాలం ఈ ప్రశ్న తెగదు. ఎదుటివారికి తప్పించుకునే వీలు లేనప్పుడే నాకు అభ్యంతరం. నా చదువు రోజుల్లో ఒక పీడీ గారు జట్టు మొత్తాన్ని నిలబెట్టి ఒకే ప్రార్థన చేయించేవారు. ఇద్దరు మిత్రులు పెదవులు కదపకుండా తలలు దించుకుని నిలబడటం మాకందరికీ కనిపించేది, ఆయనకు మాత్రం కనిపించేది కాదు.

ప్రశ్న: ఆసియా కప్‌లో పాకిస్తాన్ ఆటగాళ్ళతో మనవాళ్ళు చేతులు కలపకపోవడం సరైనదేనా? ఆటలోకి రాజకీయాలు తేవచ్చా?
— ఉద్యోగి, ఎంవీపీ కాలనీ

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని కాల్చి చంపారు, వారిలో మన విశాఖవాసి కూడా ఉన్నారు. కనుక సెప్టెంబరు 14న దుబాయ్‌లో పాకిస్తాన్‌తో ఆడిన మన ఆటగాళ్ళ మనసులో ఉన్న బాధను తేలికగా తీసిపారేయలేను. అయినా నా అభిప్రాయం వేరు. ఆడకూడదనుకుంటే ఆడకుండా ఉండాలి, ఆడాలని నిర్ణయించుకుంటే ఆటతో వచ్చే మర్యాదలన్నీ పాటించాలి. 1974లో డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌కు చేరిన భారత జట్టు, దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు నిరసనగా ఆ పోటీనే వదులుకుంది. కప్పు ఎదుటివారికి పోతుందని తెలిసి, పోగొట్టుకుని, మాట నిలబెట్టుకుంది. ఆటలోకి రాజకీయాలు రాకూడదనే వాదన మీద నాకు పెద్ద నమ్మకం లేదు, అవి ఎప్పుడూ వస్తూనే ఉన్నాయి. వచ్చినప్పుడు మనం ఏం వదులుకున్నామన్నదే నేను చూస్తాను. టిక్కెట్ల డబ్బు, ప్రసార హక్కుల డబ్బు తీసుకుని, చేయి మాత్రం ఇవ్వకపోవడంలో ఆ బరువు నాకు కనిపించలేదు. ఈ మాటకు నా ఇంట్లోనే ఒప్పుకోనివారు ఉన్నారు.

ప్రశ్న: మా కాలేజీ పోటీలలో వంద మీటర్లు 11.2 సెకన్లలో పరిగెత్తాను. పెద్ద పోటీలకు వెళితే 11.5 వచ్చింది. నా పరుగు తగ్గిందా? అసలు కాలేజీ స్థాయి సమయాలకు విలువ ఉందా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, గాజువాక

మీ పరుగు పెద్దగా తగ్గలేదు, గడియారం మారింది. చేతి గడియారంతో తీసిన సమయం ఎలక్ట్రానిక్ సమయం కన్నా తక్కువ వస్తుంది. వంద మీటర్లకు ఆ తేడాను 0.24 సెకన్లుగా లెక్క కట్టడం రివాజు. తుపాకీ పొగ చూసి మీట నొక్కేలోపు కొంత ఆలస్యమవుతుంది, గమ్యం దగ్గరేమో పరుగుగాడు వస్తున్నట్టు కనిపిస్తూనే ఉంటాడు గనుక వేలు ముందే సిద్ధంగా ఉంటుంది. ఆ లెక్కన మీ 11.2 ఎలక్ట్రానిక్ గడియారం మీద దాదాపు 11.44 అవుతుంది.

మీ రెండో ప్రశ్న ఇంతకన్నా పెద్దది, దానికి మన ఊరి హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజీ కథే జవాబు. తండ్రి కాపలాదారు, తల్లి పాచిపనులు చేసిన కుటుంబంలో పుట్టిన ఈ అమ్మాయి 2020 జనవరిలో, కర్ణాటకలోని మూడబిదిరిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయాల పోటీలలో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పూర్తి చేసింది. అప్పటి జాతీయ రికార్డు 2002లో అనురాధా బిస్వాల్ నెలకొల్పిన 13.38. పద్దెనిమిదేళ్ళ నాటి రికార్డు మూడో వంతు సెకనుకు పైగా తేడాతో బద్దలైంది, కానీ పుస్తకంలోకి ఎక్కలేదు. ఆ పోటీలలో ఆమెకు డోపింగ్ (నిషిద్ధ మందుల వాడకం) పరీక్ష జరగలేదు, జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి కూడా అక్కడ లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09 పరిగెత్తితే ఈసారి గాలి అడ్డం వచ్చింది. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు మించకూడదన్నది నిబంధన, ఆ రోజు యంత్రం 2.1 చూపించింది. చివరకు అదే ఏడాది మే నెలలో సైప్రస్‌లో పరిగెత్తిన 13.23 జాతీయ రికార్డుగా నమోదైంది. ఆమె అంతకుముందు రెండుసార్లు పరిగెత్తిన దానికన్నా అది నెమ్మదైన పరుగు.

రెండో సందర్భంలో నాకు ఫిర్యాదు లేదు, గాలిని ఎవరూ ఆపలేరు, నిబంధన అందరికీ ఒకటే. మొదటి సందర్భం మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ పాల్గొనే పోటీలకు ఒక పరీక్షాధికారినీ ఒక ప్రతినిధినీ పంపడం దైవాధీనం కాదు, ఎవరో ఒకరు సంతకం చేస్తే జరిగే పని. విద్యార్థుల పోటీ అంటే లెక్కలోకి రానిదని అనుకునేవారికి ఆమె 2023 ఆగస్టులో చెంగ్డులో సమాధానం చెప్పింది. ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 12.78 సెకన్లతో కాంస్యం గెలిచి జాతీయ రికార్డు నెలకొల్పింది. అదీ విద్యార్థుల పోటీయే. అక్కడ గడియారం, గాలిమాపకం, పరీక్షాధికారి అందరూ ఉన్నారు, అంతే తేడా.

ఆ తరువాత అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్‌లో, పక్కనున్న చైనా క్రీడాకారిణి ముందే కదిలితే అధికారులు జ్యోతిని కూడా తప్పించబోయారు. ఆమె అక్కడే నిలబడి వాదించింది, వీడియో చూడమంది. ఇద్దరినీ పరిగెత్తనిచ్చి, తరువాత తప్పు చేసిన అమ్మాయిని తొలగించడంతో 12.91 సెకన్లతో జ్యోతికి రజతం దక్కింది. నిబంధన తెలియకపోతే ఆ సాయంత్రం ఏడుస్తూ బయటకు వచ్చేది. కాబట్టి మీరు కూడా సమయంతో పాటు అది చేతి గడియారమా, ఎలక్ట్రానిక్ గడియారమా, గాలి ఎంత అన్నవి అడిగి రాయించుకోండి. అడిగినందుకు పీడీ గారు విసుక్కున్నా ఫర్వాలేదు.

ప్రశ్న: నాకు డెబ్బై ఏళ్ళు. రోజూ బీచ్ రోడ్డులో నడుస్తాను. కాలేజీ అథ్లెటిక్స్ చూడాలంటే పాసులు కావాలా? కూర్చోవడానికి చోటు ఉంటుందా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, చినవాల్తేరు

నేను వెళ్ళిన పోటీలలో పాసు అడిగినవారు ఎవరూ లేరండీ. గొడుగు, మంచినీళ్ళు మీరే తెచ్చుకోవాలి. చోటు గురించి మాత్రం బెంగ పెట్టుకోకండి, పోయిన సారి నా వరుసలో నేనూ, షాట్‌పుట్ అమ్మాయి మేనమామ గారూ తప్ప మూడో మనిషి లేడు.