మొక్కలు సాగి పడిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: జినియా, కాస్మోస్ పూల విత్తనాలు వేస్తే మొక్కలు సన్నగా సాగి పడిపోయాయండి. గట్టు వెంట అందంగానూ ఉండాలి, వాజ్‌లోకి కోసుకోడానికీ రావాలి. ఎలా?

జవాబు: ఎండ చాలకో, ఒత్తుగా చల్లేసి పలచన చేయకో ఇలా అవుతుంది. రోజుకు కనీసం 6 గంటల ఎండ తగిలేచోట, నారు పోసి పీకి నాటే బదులు నేరుగా మట్టిలోనే అర సెంటీమీటరు లోతున వేయండి, ఎందుకంటే వేరు కదిలితే జినియాకి పడదు. మొలిచాక 25-30 సెంటీమీటర్ల ఎడం ఉంచి మిగతావి పీకేయాలి, మనసొప్పదు గానీ తప్పదు. పొడుగ్గా పెరిగే కాస్మోస్ వెనక వరసలో ఉండాలి. దానికి ఎరువు ఎక్కువైతే అన్నీ ఆకులే!

జినియా 20-30 సెంటీమీటర్లు పెరగ్గానే చివర తుంచేస్తే పక్కకొమ్మలు వస్తాయి. కోసేముందు పువ్వుకి జానెడు కింద కాడ పట్టుకుని ఊపి చూడండి, తల వాల్చేస్తే ఇంకా ముదరలేదని, నిటారుగా నిలబడితే కోయొచ్చని. కాస్మోస్ మాత్రం మొగ్గ అప్పుడే విచ్చుకుంటుండగా పొద్దున్నే కోయాలి. నీళ్లలో మునిగే ఆకులు తీసేయండి. కోయడానికి మొహమాటపడొద్దు, విత్తనం కట్టనిస్తే పూత తగ్గిపోతుంది.