ఫోన్లో పేర్లు ముందే వచ్చేస్తుంటే ఎన్‌బీఏ డ్రాఫ్ట్ టీవీలో చూడటం దేనికి?

"ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎవరిని ఏ జట్టు తీసుకుంటోందో ఫోన్లో ముందే తెలిసిపోతోంది. ఇంకా గంటల తరబడి టీవీ ముందు కూర్చోవడం దేనికి? అభిమానులు ఆ ప్రసారం గురించి ఏటా ఎందుకంత కొట్టుకుంటారు?" అని అడిగారు. ఆ కొట్టుకునేవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతాను. నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. 2015 నుంచి ఒక్క డ్రాఫ్ట్ కూడా వదల్లేదు. మా ఇంట్లో నాకు ప్రతిపక్షం మా మరిది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. పేర్లు లీకవడం పెద్ద సమస్య కాదు. టీవీ వాళ్లు చూపించాల్సింది దాచి, దాచినా నష్టం లేనిది గంటలకొద్దీ చూపిస్తారు. నా గొడవంతా అక్కడే.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఎన్‌బీఏ అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్. కాలేజీల నుంచి, విదేశీ లీగుల నుంచి వచ్చే కుర్రాళ్లను 30 జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం ఇది. రెండు రౌండ్లు, మామూలుగా 60 పేర్లు. ప్లేఆఫ్స్‌కు, అంటే సీజన్ చివర జరిగే టైటిల్ పోరుకు, చేరని 14 జట్లకు లాటరీ తీస్తారు, మొదటి నాలుగు స్థానాలు దాంతోనే తేలతాయి. మొదటి రౌండ్‌లో ఒక్కో జట్టుకు ఐదు నిమిషాలు. ఆ రౌండ్ పేర్లు కమిషనర్ ఆడమ్ సిల్వర్ చదువుతారు. రెండో రౌండ్ మొదలవగానే ఆయన వెళ్లిపోతారు, డిప్యూటీ కమిషనర్ మార్క్ టేటమ్ వస్తారు. పెళ్లిలో తాళి కట్టడం అయిపోయాక పందిట్లో కుర్చీలు సర్దుతుంటారు చూడండి, రెండో రౌండ్ అలా ఉంటుంది.

2015 జూన్ 25. నేను అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. కాకినాడలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు కాలేజీ జట్టులో పాయింట్ గార్డుగా ఆడేదాన్ని. సిమెంటు కోర్టు, వానాకాలం వస్తే ఒక మూలంతా నాచు. మా ఆయనకు క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టదు. మరిది అప్పుడు మా దగ్గరే ఉండి ఎంఎస్ చేస్తున్నాడు, లాస్ ఏంజెలెస్ లేకర్స్ ఆటగాడు కోబీ బ్రయంట్ భక్తుడు. ఇద్దరం సోఫాలో సెటిలయ్యాం.

ఆ ఏడాది డ్రాఫ్ట్ బ్రూక్లిన్‌లోని బార్‌క్లేస్ సెంటర్లో. నాలుగో పేరుగా న్యూయార్క్ నిక్స్ లాత్వియా కుర్రాడు క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ను తీసుకుంది. హాలంతా బూ అని అరుపులు. నిక్స్ చొక్కా వేసుకున్న ఒక చిన్న పిల్లాడు ఏడుస్తుంటే కెమెరా వాడిని పట్టుకుంది. మరిది పగలబడి నవ్వాడు. ఆ పిల్లాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. పోర్జింగిస్ ఎలా ఆడతాడని ఆ రాత్రి వాళ్లు చెప్పిన దాంట్లో ఒక్క ముక్క గుర్తులేదు. తర్వాత అదే పోర్జింగిస్ ఆల్‌స్టార్ అయ్యాడు, 2019లో మా డాలస్‌కే వచ్చాడు, 2024లో బోస్టన్‌తో టైటిల్ కూడా కొట్టాడు.

మొదటి రౌండ్ అయ్యాక మరిది గురక. రెండో రౌండ్ అప్పట్లో పేరుకు రెండు నిమిషాలే, ఊపిరి తీసుకునే టైమ్ ఉండదు. నేను బట్టలు మడతపెట్టుకుంటూ ఒక చెవి టీవీకి ఇచ్చాను. రాత్రి పది దాటింది. 52వ స్థానం, డాలస్ మావెరిక్స్ వంతు. సత్నామ్ సింగ్ భమారా అన్నారు. ముందు నాకు 'సింగ్' ఒక్కటే వినపడింది. ఒక్క అరుపు అరిచాను. మా ఆయన గదిలోంచి పరుగెత్తుకొచ్చి, "ఏమైంది? ఇండియా నుంచి ఫోనా?" అన్నారు. అర్ధరాత్రి అరుపంటే మనవాళ్లకు మొదట వచ్చే టెన్షన్ అదే కదా.

భారతదేశంలో పుట్టిన ఆటగాణ్ని ఎన్‌బీఏ జట్టు డ్రాఫ్ట్ చేయడం అదే మొదటిసారి. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లె, రైతు కుటుంబం, ఏడడుగుల రెండు అంగుళాల ఎత్తు, 19 ఏళ్లు. తండ్రి కూడా ఏడడుగుల మనిషే. అతని గురించి ఇంకేమైనా చెబుతారేమోనని చూసేలోపే తర్వాతి పేరు వచ్చేసింది. ఆ రాత్రి మిగతాదంతా నేను లాప్‌టాప్‌లో వెతుక్కుని చదివాను. మరిది పొద్దున లేచి, "వదినా, లేపొచ్చుగా!" అని నా మీదే కోప్పడ్డాడు.

సత్నామ్ ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇక్కడే ఫ్రిస్కోలో ఉండే టెక్సస్ లెజెండ్స్ అనే చిన్న లీగ్ జట్టుకు రెండు సీజన్లు ఆడాడు. ఆ చలికాలంలో మేం వెళ్లి చూశాం. స్టాండ్స్‌లో పంజాబీలు, మనవాళ్లు పిల్లలతో సహా కూర్చున్నారు. అతన్ని కోర్టులోకి దించింది కొద్దిసేపే. అతను లేచి జాకెట్ విప్పినప్పుడు వచ్చిన కేక ఆ రోజు ఏ బుట్టకూ రాలేదు. తర్వాత అతను కుస్తీ వైపు వెళ్లిపోయాడు, ఏఈడబ్ల్యూ అనే కుస్తీ షోలో కనిపించాడు. ఆటగాడిగా అతను పెద్దగా రాణించలేదు, అది ఒప్పుకోవాలి. కానీ ఆ 52వ పేరు ఫోన్లో చూసి ఉంటే నేను ఫ్రిస్కో దాకా వెళ్లేదాన్ని కాదు.

రెండో రౌండ్ గురించి నా ఏడుపు వింటే, "చివర్లో వచ్చేవాళ్లు ఎంతమంది నిలబడతారు వదినా?" అంటాడు మరిది. నిజమే, ఎక్కువమంది నిలబడరు. అయితే సత్నామ్ కంటే ఒక్క ఏడాది ముందు, 2014లో, ఏం జరిగిందో చూడండి. 41వ పేరు చదువుతున్నప్పుడు అమెరికా టీవీలో టాకో బెల్ యాడ్ నడుస్తోంది. పేరు తెర కింద పట్టీలో వచ్చి పోయింది. ఆ పేరు నికోలా యోకిచ్. అతను కూడా ఆ టైముకి సెర్బియాలో నిద్రపోతున్నాడు. మూడుసార్లు ఎంవీపీ, అంటే లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడు, అయ్యాడు, 2023లో డెన్వర్‌కు మొదటి టైటిల్ తెచ్చాడు. ఆ క్లిప్ ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది, యాడ్‌లో చూపించిన తిండి వస్తువుతో సహా. తర్వాత పెద్ద ఆటగాళ్లయినవాళ్లు ఇంకా ఉన్నారు: డ్రేమండ్ గ్రీన్ 35వ పేరు, మార్క్ గసోల్ 48, మను జినోబిలీ 57. ఈ పేర్లన్నీ జనం లేచి ఇంటికి వెళ్లే టైములో వచ్చినవే.

ఇప్పుడు లీకుల సంగతి. ఏడ్రియన్ వోజ్నరోవ్‌స్కీ అనే విలేకరి ఒకప్పుడు సిల్వర్ వేదిక మీదకు రాకముందే పేర్లు ట్విట్టర్లో పెట్టేసేవాడు. తర్వాత ఆయన ప్రసారం చేసే ఈఎస్‌పీఎన్‌లోనే చేరాడు. మా షో మీరే పాడుచేయకండని విలేకరులతో ఒక ఒప్పందం లాంటిది కుదిరింది. అప్పుడు 2018లో ఆయన చేసిన పని చూడాలి. 'తీసుకుంటోంది' అనే మాట వాడకుండా, ఫలానా ఆటగాడి మీద ఆ జట్టు మనసుపడింది, ఫలానావాడి మీదే చూపు నిలిపింది అని రకరకాలుగా తిప్పి రాశాడు. ప్రతిదీ నిజమైంది. పెళ్లిచూపులు చూసొచ్చి 'అమ్మాయి కుదిరింది' అనకుండా 'వాళ్లింట్లో కాఫీ బాగుంది' అన్నట్టు! నాకు ఆ ట్వీట్లే షో కంటే ఎక్కువ నచ్చాయి.

అదే రాత్రి లూకా డాంచిచ్‌ను అట్లాంటా మూడో స్థానంలో తీసుకుంది. కానీ అతను డాలస్‌కు వస్తున్నాడని, ఐదో స్థానంలో మేం తీసుకునే ట్రే యంగ్ అట్లాంటాకు వెళ్తాడని ఫోన్లలో వచ్చేసింది. టీవీలో మాత్రం డాంచిచ్ అట్లాంటా టోపీ పెట్టుకుని, సిల్వర్ చేతిలో చెయ్యేసి ఫొటో దిగాడు. ట్రేడ్‌ను, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిని, లీగ్ ఆమోదించేదాకా పాత జట్టు పేరే చదవాలి, పాత జట్టు టోపీయే పెట్టుకోవాలి. నేను సోఫా ఎక్కి గెంతుతుంటే తెర మీద మా ఆటగాడు వేరేవాళ్ల టోపీలో ఉన్నాడు. మరిది వాదన ఇక్కడే మొదలైంది: "చూశారా, టీవీ అబద్ధం చెబుతోంది, ఫోన్ నిజం చెబుతోంది." దానికి నా దగ్గర ఇప్పటికీ గట్టి జవాబు లేదు. ఫోన్ నిజమే చెప్పింది. అయితే అట్లాంటా టోపీ సర్దుకుంటున్న డాంచిచ్ ముఖం ఫోన్ చూపించలేదు కదా అన్నాను. వాడు ఒప్పుకోలేదు.

విశ్లేషకుల మాటల మీదా మాకు పడదు. టీవీ విశ్లేషకుడు జే బిలాస్ నోట రెక్కల పొడవు, అంటే చేతులు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు ఎంత అనే లెక్క, ఎన్నిసార్లు వస్తుందో మరిది వేళ్ల మీద లెక్కపెడతాడు. మన ఊళ్లలో నూతి తాడు కొలవడానికి బార అనేవాళ్లం, అదే ఇది. నాకు మాత్రం ఆ బారల లెక్క బోరు కొట్టదు. డిఫెన్స్ ఆడినవాళ్లకు తెలుస్తుంది, ఒక జానెడు తేడా ఎంత పని చేస్తుందో. వెగటు పుట్టేది అందరినీ పొగిడే అలవాటు. ప్రతి కుర్రాడూ కాబోయే స్టారే, ప్రతి జట్టూ తెలివైనదే. అందుకే 2014లో టొరంటో 20వ స్థానంలో బ్రెజిల్ కుర్రాడు బ్రూనో కబోక్లోను తీసుకున్నప్పుడు టీవీ విశ్లేషకుడు ఫ్రాన్ ఫ్రషిల్లా అన్న మాట అంతగా నిలిచిపోయింది. ఇతను సిద్ధం కావడానికి ఇంకా రెండేళ్లు పడుతుందని చెప్పే దశకు రావడానికే రెండేళ్లు పడుతుంది అన్నాడు. పదేళ్ల పైన అయినా జనం దాన్ని ఇంకా వాడుతున్నారు. టీవీలో ఒక మనిషి అనుకున్నది అనుకున్నట్టు చెబితే అంత అరుదన్నమాట.

ఇక దాచిపెట్టడం. 2025 ఫిబ్రవరి మొదట్లో ఒక రాత్రి పదకొండు దాటాక మరిది ఫోన్. "వదినా, మీ లూకా మా ఇంటికొచ్చాడు." డాంచిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చేశారు. ఎవరి అకౌంటో హ్యాక్ అయిందనుకున్నాను. మా ఊరు నెలల తరబడి మండిపోయింది. మేలో లాటరీ వచ్చింది. మావెరిక్స్‌కు మొదటి స్థానం దక్కే అవకాశం 1.8 శాతం. దక్కింది! డ్యూక్ యూనివర్సిటీ కుర్రాడు కూపర్ ఫ్లాగ్ మావాడయ్యాడు. వెంటనే దేశమంతా ఒకటే మాట: లూకాను వదులుకున్నందుకు బదులిచ్చారు, ఫిక్సింగ్.

నా మటుకు అది ఫిక్సింగ్ కాదు. మిషన్లో 1 నుంచి 14 దాకా నంబర్లున్న బంతులు వేసి నాలుగు తీస్తారు. అలా 1001 కలయికలు వస్తాయి, ఒకటి పక్కనపెడితే 1000. అందులో 18 మావి, వాటిల్లో ఒకటి తగిలింది. ఆ గదిలో జట్ల ప్రతినిధులు, విలేకరులు, ఆడిట్ సంస్థ మనుషులు ఉంటారు, ఫోన్లు ముందే తీసేసుకుంటారు. కానీ ఇదేదీ లైవ్‌లో రాదు. టీవీలో వచ్చేది కవర్లు విప్పడం. అసలు డ్రా వీడియో తర్వాత పెడతారు, అప్పటికి జనం తీర్పు చెప్పేసి ఉంటారు. 1985లో మొదటి లాటరీలో కవర్లతోనే పాట్రిక్ యూయింగ్ న్యూయార్క్‌కు వెళ్లాడు. తీసేవాళ్లు గుర్తుపట్టేలా ఆ కవరు మూల వంగిందని, ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచారని నలభై ఏళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నారు. మన ఊరి చీటీపాట కూడా అందరి ముందే తీస్తారు కదా. నాలుగు బంతులు లేచే నాలుగు క్షణాల కంటే ఉత్కంఠ ఈ కార్యక్రమం మొత్తంలో ఎక్కడుంది? దాన్నే తలుపు వెనక పెట్టారు.

ఒక్క విషయంలో మాత్రం వాళ్లు బాగుపడ్డారు. 2024 నుంచి డ్రాఫ్ట్‌ను రెండు రోజులు చేశారు. రెండో రౌండ్‌కు విడిగా ఒక రోజు, పేరుకు నాలుగు నిమిషాలు. జనానికి ఇది నచ్చలేదు, సాగదీస్తున్నారన్నారు. మరిదీ అదే అన్నాడు. నాకు నచ్చింది. కాకపోతే ఆ ఏడాది అది మాకు మధ్యాహ్నం మూడింటికి పెట్టారు. ఆఫీస్ మీటింగ్‌లో కెమెరా ఆపేసి పక్క స్క్రీన్‌లో చూశాను. స్టార్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ కొడుకు బ్రానీని లేకర్స్ 55వ స్థానంలో తీసుకునేదాకా వాళ్ల మాటల్లో సగం ఆ అబ్బాయి గురించే. అయినా మిగతావాళ్ల ఆట ముక్కలు కొన్నయినా చూపించారు, అంతకుముందు అదీ లేదు.

మీరు ఇండియా నుంచి చూస్తే మొదటి రౌండ్ మామూలుగా తెల్లవారుజామున ఐదున్నరకు మొదలవుతుంది. స్ట్రీమింగ్ ఎలాగూ కొన్ని సెకన్లు వెనకబడుతుంది కాబట్టి నోటిఫికేషన్లు ఆపేసుకోండి. మా ఇంట్లో డ్రాఫ్ట్ రోజు లాటరీ గది రూలే: అందరి ఫోన్లూ సైలెంట్‌లో, వంటగదిలో బియ్యం డబ్బా మీద. కూపర్ ఫ్లాగ్ రాత్రి కూడా అంతే. మరిది మాత్రం బాత్రూమ్‌కని లేచి వెళ్లి, వచ్చి కూర్చుని, సిల్వర్ నోరు తెరవకముందే తర్వాతి పేరు చెప్పేశాడు. అడిగితే ఊహించానన్నాడు. డబ్బా మీద చూస్తే రెండే ఫోన్లున్నాయి.