షూటింగ్ ఫ్లోర్‌లో ఎలక్ట్రీషియన్‌కి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి ఏడాది చదువుతున్నాడు. నటన, దర్శకత్వం వద్దట, సినిమా స్టూడియో ఫ్లోర్‌లో లైటింగ్ పని చేస్తాడట. చదువు ఆపేసి ఇప్పుడే చేరతానంటున్నాడు. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?

జవాబు: చదువు మాత్రం ఆపనివ్వకండి. అక్కడ అతనికి విలువ తెచ్చేది ఆ డిప్లొమాయే.

ఎందుకో చెప్తాను. 1893లో ఎడిసన్ బృందం సినిమాలు తీయడానికి కట్టిన బ్లాక్ మరియా స్టూడియోకి పైకప్పు తెరుచుకునేది. ఎండ ఎటు ఉంటే అటు భవనాన్నే తిప్పేవారు. ఇప్పటి ఫ్లోర్లలోకి, అంటే షూటింగ్ జరిగే హాళ్లలోకి, ఎండను అసలు రానివ్వరు. ఒకే సాయంత్రం జరిగే సీన్‌ను రోజుల తరబడి తీస్తారు కాబట్టి వెలుతురు ఏమాత్రం మారకూడదు. అందుకే కిటికీలుండవు, మొత్తం కరెంటు వెలుగే.

లైట్లు పైన గ్రిడ్‌కి, అంటే కప్పు కింద ఉండే లోహపు చట్రానికి, వేలాడుతుంటాయి, కింద మనుషులు తిరుగుతుంటారు. ఏ పాయింటు ఎంత బరువు మోస్తుందో లెక్క ఉండాలి. బిగించిన క్లాంప్ ఊడినా లైటు కింద పడకుండా విడిగా సేఫ్టీ చెయిన్ కట్టాలి. మూడు ఫేజుల మీదా లోడు సమంగా పంచాలి. ఎల్‌ఈడీలు వచ్చాక వేడి, కరెంటు వాడకం బాగా తగ్గాయి. కానీ వాటి హార్మోనిక్స్‌తో (కరెంటు తరంగంలో వచ్చే వంకరలతో) న్యూట్రల్ వైరు వేడెక్కే ప్రమాదం ఉంది. క్లాసులో నిద్ర తెప్పించే ఆ చాప్టరే ఇక్కడ అన్నం పెడుతుంది. మాటలు అక్కడికక్కడే రికార్డు చేసే ఫ్లోర్‌లో లైటు వెలుగును తగ్గించి పెంచే డిమ్మర్ గుయ్యిమన్నా టేక్ పాడవుతుంది. అందుకే ఏసీ గాలిని కూడా పెద్ద డక్టుల్లోంచి మెల్లగా వదులుతారు.

నిలకడ గురించి ఉన్నమాట చెప్తాను. సినిమా యూనిట్లతో పనిచేస్తే సాధారణంగా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఆదాయం. స్టూడియో సొంత మెయింటెనెన్స్ విభాగంలో నెల జీతం ఉంటుంది, నా ఓటు ముందు దానికే. రెండు మూడేళ్లు అక్కడ చేయి తిరిగాక బయటికి వెళ్లినా తప్పులేదు. (హీరోలను దగ్గర్నుంచి చూడొచ్చనే సరదా మాత్రం వారంలో తీరిపోతుంది.)

ఈ ఏడాదిలోనే లైట్లను కంట్రోల్ డెస్క్ నుంచి నడిపే డీఎంఎక్స్ పద్ధతి, కాస్త కంప్యూటర్ నెట్‌వర్కింగ్ నేర్చుకోమనండి. కెమెరా కదలికను బట్టి వెనక దృశ్యం మారే ఎల్‌ఈడీ గోడల ఫ్లోర్లు వస్తున్నాయి, వాటికి ఈ రెండూ తెలిసినవాళ్లు కావాలి. ఎత్తంటే భయముందేమో కూడా ఒకసారి అడగండి. ఉంటే గ్రిడ్ పని కాకుండా కింద పవర్, డెస్క్ వైపు చూసుకోవచ్చు.