జవాట్స్కా జీవితం రాయబోయే మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, ఆశీస్సులు.

ఎల్జ్‌బియేటా జవాట్స్కా గురించి వ్యాసం రాయబోతున్నావనీ, ఆమె పారాచూట్‌తో దూకిన రాత్రితో ఎత్తుకోవాలనుకుంటున్నావనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. అలా ఎత్తుకోవద్దు. 1943 సెప్టెంబరు 9 రాత్రి ఆమె బ్రిటన్ నుంచి విమానంలో వచ్చి జర్మనీ ఆక్రమిత పోలండ్‌లో దూకిన మాట, పోలిష్ పారాచూట్ దళంలోని 316 మందిలో ఆమె ఒక్కతే స్త్రీ అయిన మాట నిజమే గాని, అక్కడ మొదలుపెడితే పాఠకుడికి సాహసమే కనిపిస్తుంది, మనిషి కనిపించదు. ఆ దూకిన మనిషి ముప్ఫై నాలుగేళ్ల లెక్కల పంతులమ్మ.

తోరున్‌తో మొదలుపెట్టు. 1909లో ఆమె పుట్టేనాటికి ఆ ఊరు జర్మనీ ఏలుబడిలో ఉంది. ఇంట్లో జర్మనే మాట్లాడేవారు, పోలిష్ ఆమెకు తర్వాత పట్టుబడిన భాష. పాలకుల భాషగా ఇంట్లోకి వచ్చిన ఆ జర్మనే యుద్ధకాలంలో ఆమెకు ముసుగయింది. దొంగ కాగితాలతో, జర్మన్ స్త్రీ వేషంలో, 'జో' అనే మారుపేరుతో ఆమె పోలండ్ రహస్య ప్రతిఘటన దళమైన స్వదేశ సైన్యానికి వార్తాహరిగా సరిహద్దులు దాటింది. వందసార్లకు పైగా దాటిందని చాలాచోట్ల రాస్తారు. నువ్వు మాత్రం ఒక్క ప్రయాణాన్ని తీసుకుని నింపాదిగా రాయి. 1942లో నాజీ రహస్య పోలీసు గెస్టపో వెంటపడినప్పుడు కదులుతున్న రైలు నుంచి ఆమె దూకేసింది. నా దృష్టిలో పారాచూట్ కన్నా ఈ దూకడమే పెద్దది, ఎందుకంటే దీనికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు.

పాఠం చెప్పడం కూడా ప్రతిఘటనే అయిందెందుకో పాఠకుడికి విడమరిచి చెప్పాలి. పోలిష్ పిల్లలకు ఐదువందల వరకు లెక్కపెట్టడం, పేరు రాసుకోవడం, జర్మన్ల మాట వినడం వస్తే చాలునని, చదవడం కూడా అక్కర్లేదని నాజీ నాయకుడు హిమ్లర్ 1940 మే నెలలో రాసిపెట్టాడు. ఉన్నత పాఠశాలలు మూతపడ్డాయి. ఉపాధ్యాయులు నలుగురైదుగురు పిల్లలను ఎవరో ఒకరి ఇంట్లో చేర్చి, దొరికితే చెరసాలో చావో అని తెలిసీ చెప్పారు. జవాట్స్కా కూడా వారిలో ఒకరు. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని గనుక ఆ 'ఐదువందలు' దగ్గర నాకు చేయి ఆగిపోతుంది. నువ్వూ అక్కడ ఒక్క క్షణం ఆగు, కాని వ్యాఖ్యానించకు. అంకె ఒక్కటీ చాలు.

పోలిష్ ప్రవాస ప్రభుత్వమున్న లండన్‌కు ఆమె చేసిన ప్రయాణాన్ని భూగోళ పాఠంలా సాగదీయకు. జర్మనీ, ఫ్రాన్స్, పిరనీస్ కొండలు, స్పెయిన్, జిబ్రాల్టర్ అని ఒక్క వాక్యంలో దాటించు. ఆమె అక్కడ అడిగినదాన్ని మాత్రం వదలకు: రహస్య సైన్యంలో పనిచేసే స్త్రీలను చట్టప్రకారం సైనికులుగా గుర్తించాలని పట్టుబట్టింది. 1943 అక్టోబరులో ప్రవాస ప్రభుత్వం ఆ మేరకు ఉత్తర్వు ఇచ్చింది.

యుద్ధంతో వ్యాసం ముగించే తొందర వద్దు. 1944 వార్సా తిరుగుబాటులో పాల్గొని బతికి బయటపడి, మళ్లీ బడిలో చేరిన ఆమెను 1951లో సొంత దేశపు కమ్యూనిస్టు ప్రభుత్వమే అరెస్టు చేసింది. 1955 దాకా ఆమె జైల్లో ఉంది. బయటకు వచ్చాక 1965లో డాక్టరేట్ సంపాదించింది. ఆమె పరిశోధించిన విషయం ఉత్తరాల ద్వారా విద్య. ఉత్తరాలు మోసిన మనిషి ఆ విషయాన్నే ఎంచుకోవడం చూసి నేను ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. చివరి దశలో తోరున్‌లో కూర్చుని, తనతోపాటు పోరాడిన స్త్రీల వివరాలను ఒక్కొక్కటిగా పోగుచేసింది. 2006లో బ్రిగేడియర్ జనరల్ హోదా దక్కింది. నూరేళ్లకు రెండు నెలల ముందు, 2009 జనవరిలో కన్నుమూసింది.

పేరును ఇంగ్లీషు అక్షరాలు చూసి 'జవాకా' అని రాసేవు సుమా. చిత్తుప్రతిని వరుస విడిచి వరుస రాసి పంపు, నా ఎర్రసిరాకు చోటుండాలి.

ఆశీస్సులతో,
నీ మేనత్త